చేతికుట్టు చదువు

తెలుగు ఇండ్లలో ఒకప్పుడు బట్టకు దీర్ఘాయువు ఉండెడిది. తల్లి చీర కొంగువద్ద చిరిగినచో మిగిలిన మంచిభాగము కూతురికి పరికిణీ అయ్యెడిది. పిల్ల ఎదిగి పరికిణీ పొట్టియైనచో అడుగున వేరొక రంగు గుడ్డను అంచుగా చేర్చి మరి రెండేండ్లు గడిపెడివారు. అదియు నలిగిన పిమ్మట దిండుగలీబు, గలీబు మెత్తబడిన పిమ్మట పసిబిడ్డ క్రింది బొంత, బొంత చివికిన పిమ్మట మసిగుడ్డ. ఒక్క చీరచేత ఇన్ని జన్మము లెత్తించుటకు ఇంటిలో ఉండిన పనిముట్లు సూది, దారము, కత్తెర మాత్రమే. వాటిని వాడనేర్చిన చేతిని ఎవరును గొప్ప చేయి అని పొగడలేదు. అన్నము వండుటవలె, ముంగిట ముగ్గు పెట్టుటవలె అదియు ఇల్లు నడుపుటలో ఒక భాగమై సాగెను.

నేడు బట్టకు సాధారణముగా ఒకటే జన్మము. దుకాణములో కుట్టి సిద్ధముగా ఉన్నదానిని కొందురు. గుండీ ఊడువరకో, కుట్టు విడువరకో, మోజు తీరువరకో తొడుగుదురు. పిమ్మట బీరువా అడుగున పడవేయుదురు. వర్గసమీకరణమును చిటికెలో సాధింపగల విద్యార్థి ఊడిన గుండీని తిరిగి కుట్టుకొనలేక చొక్కాకు పిన్నీసు పెట్టుకొని పాఠశాలకు వచ్చుట అరుదైన దృశ్యము కాదు. అతనిని నిందించుట న్యాయముకాదు. సూదిలో దారమెక్కించుట అతనికి ఎవరును నేర్పలేదు. పది పన్నెండేండ్ల చదువులో ఆ పనికి ఒక్క గంటయైనను కేటాయింపబడలేదు. ఇంటిలో నేర్పుదురని పాఠశాలయు, పాఠశాలలో చెప్పుదురని ఇల్లును ఊరకున్నవి.

తన బట్టను తాను కుట్టుకొనుట, బాగుచేసికొనుట, అందగించుకొనుట తీరిక గలవారి వేడుక అని చాలమంది తలంతురు. అది వేడుకయే కావచ్చును గాని, అంతకంటె ముందు అది ఒక చదువు. బాలురకును బాలికలకును సమానముగా చెప్పవలసిన చదువు. ఈ మాటను ఒప్పుకొనుటకు కొన్ని అడ్డంకులున్నవి. వాటిలో కొన్ని న్యాయమైనవి కూడ. వాటిని దాటవేయక పరిశీలించుట మేలు.

మొదటి అడ్డంకి యంత్రము. యంత్రము వచ్చిన పిమ్మట చేతికుట్టు ఎందులకని ప్రశ్న. నిజమునకు యంత్రచరిత్రయే చేతికుట్టు విలువను తెలుపుచున్నది. ఫ్రాన్సుదేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే 1830లో కుట్టుమిషనుకు పేటెంటు పొందెను. సైనికుల దుస్తులు కుట్టుటకు పారిస్‌లో నెలకొల్పిన ఆ మిషనులను తమ బ్రతుకుతెరువు పోవునన్న భయముతో దర్జీలే 1831లో విరుగగొట్టిరి. ఆ మిషను వేసినది గొలుసుకుట్టు. దాని స్వభావము తెలిసికొనుటకు పుస్తకము విప్పనక్కరలేదు. బియ్యపు బస్తా మూతి కుట్టిన దారమును సరియైన కొసనుండి లాగినచో కుట్టంతయు బరబర ఊడివచ్చును, అదియే గొలుసుకుట్టు. ఈ లోపమును తీర్చిన ఏర్పాటుకు అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందెను. చేతిసూదికి కన్ను వెనుక ఉండును. మిషను సూదికి కన్ను మొనయొద్ద ఉండును. పైనుండి ఒక దారము, క్రిందినుండి ఒక దారము వచ్చి బట్టనడుమ ఒకదానినొకటి పెనవేసికొనును. ఒకటి తెగినను కుట్టు అంతయు విడిపోదు. ఐజాక్ సింగర్ 1851లో తన మిషనుకు పేటెంటు పొందెను. ఆ మిషనులను వాయిదాల పద్ధతిపై అమ్మి ఆయన కంపెనీ దానిని సామాన్యుల ఇండ్లలోనికి చేర్చెను. భారతదేశమున 1930ల దశకములో కలకత్తాయందు జే ఇంజనీరింగు వర్క్సువారు ఉషా కుట్టుమిషను తయారీకి పూనుకొనిరి.

యంత్రములను అంతగా శంకించిన గాంధీజీయే 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు నిచ్చెను. భార్య పడు శ్రమను చూడలేక ఆ మనిషి దానిని కల్పించెనని, దాని వెనుక ప్రేమ ఉన్నదని ఆయన భావము. సింగర్ జీవితచరిత్ర అంత మధురమైనది కాదు గాని గాంధీజీ చూపిన భేదము మాత్రము గట్టిది. మనిషి చేతిక్రింద పనిచేయు యంత్రము వేరు. మనిషినే తనక్రింద పెట్టుకొను యంత్రము వేరు. ఇంటిమూల నున్న కుట్టుమిషను మొదటి కోవకు చెందినది. వేలకొలది మిషనులు వరుసలుగా నిలిచిన కర్మాగారము రెండవ కోవకు చెందుట సులభము.

ఈ రెండవ కోవయొక్క చరిత్ర రక్తముతో తడిసినది. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ అను రవికల కర్మాగారము తగులబడగా 146 మంది మరణించిరి. వారిలో అధికులు వలసవచ్చిన యువతులు. బయటికిపోవు తలుపులలో ఒకదానికి తాళము వేయబడి యుండెను. నూరేండ్లు గడచిన పిమ్మట 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా అను భవనము కూలి 1,100 మందికి పైగా చనిపోయిరి. వారిలో అధికులు విదేశపు దుకాణములకై బట్టలు కుట్టుచుండినవారు. గోడలలో పగుళ్లు ముందురోజే కనబడెను. అయినను వారిని పనికి పిలిచిరి. చౌకగా దొరకు చొక్కావెనుక ఎవరి పగలు, ఎవరి రాత్రి ఉన్నవో ధరచీటీపై వ్రాసి యుండదు. ఒక్క కాలరును స్వయముగా కుట్టి, అది వంకరపోయి, విప్పి, మరల కుట్టిన విద్యార్థికి మాత్రము అది చెప్పకయే తెలియును. ఆ చొక్కాను అతడు కొనకపోవునని కాదు. కొన్నదానిని అంత తేలికగా పారవేయడు. అంత తక్కువ ధరకు అది ఎట్లు వచ్చెనని ఒక్కసారి ఆగి ఆలోచించును. శ్రమగౌరవమును గూర్చి పది వ్యాసములు వ్రాయించినను రాని ఎరుక ఒక్క కాలరు కుట్టించుటతో వచ్చును.

రెండవ అడ్డంకి మొదటిదానికంటె బలమైనది. కుట్టుపని స్త్రీలను ఇంటికి కట్టివేసిన త్రాడు కాదా అని చదువుకొన్న స్త్రీలు అడుగుదురు. పెండ్లిచూపులలో 'అమ్మాయికి కుట్లు, అల్లికలు వచ్చునా' అని అడిగిన కాలము తెలుగునాట చాలకాలము నడచెను. ఆ ప్రశ్నకు జవాబుగా గోడకు వ్రేలాడిన పూసల చిలుకలు, దారపు హంసలు ఎన్నియో. వాటిని కుట్టిన చేతులు కుట్టవలెనని కోరి కుట్టినవో, కుట్టకతప్పదని కుట్టినవో ఎవరును అడుగలేదు. కనుక ఈ ఆక్షేపణను తోసిపుచ్చరాదు.

దానికి నరసాపురపు లేసు కథ మంచి ఉదాహరణము. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల చేతులమీదుగా గోదావరి ప్రాంతమునకు చేరిన క్రోషా అల్లిక పశ్చిమగోదావరి పల్లెలలో వేలకొలది స్త్రీలకు పని అయ్యెను. వారు అల్లిన బల్లగుడ్డలు, పడకదుప్పట్లు సముద్రములు దాటిపోయెను. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె బయటపెట్టిన సత్యము సరళమైనది. దినమంతయు అల్లుచున్నను ఆ స్త్రీలను ఎవరును కార్మికులని లెక్కింపలేదు. వారు గృహిణులని, తీరికవేళ కాలక్షేపమునకు అల్లుచున్నారని వర్తకులు చెప్పిరి. కాలక్షేపమునకు కూలి ఎంత ఇచ్చినను చాలును గదా! లేసు అమ్మినవారు వృద్ధిపొందిరి. అల్లినవారు అల్లుచునే యుండిరి. 2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు రక్షణ వచ్చినది, సంతోషము. ఆ పేరును నిలిపిన చేతులకు తగిన కూలి వచ్చుట అంతకంటె ముఖ్యము.

ఈ కథ బోధించు నీతి సూదిని విసరివేయుమని కాదు. సంకెల సూదిలో లేదు, లెక్కలో ఉన్నది. బజారులో దుకాణము పెట్టి మిషను త్రొక్కువాడు పురుషుడైనచో అది వృత్తి, దానికి కూలి ఉన్నది. ఇంటిలో అదే పని చేయునది స్త్రీయైనచో అది తీరికపని, దానికి లెక్కలేదు. పట్టణములలో పెండ్లి రవికలపై మగ్గము పని చేయువారిలో ఎక్కువమంది పురుషులే. అనగా సూది స్త్రీలదను మాట స్వభావమునుండి పుట్టినది కాదు, సదుపాయమునుండి పుట్టినది. బాలికలకు కుట్టుతరగతి, బాలురకు వడ్రంగమో ఆటలో అని పాఠశాలలు విభజించినప్పుడు ఆ సదుపాయమునకే ముద్రవేసినవి. బాలుడు తన చొక్కాకు తాను గుండీ కుట్టుకొన్న దినమున అతని అక్కకు ఒక పని తగ్గును. ఆ పని విలువ అతనికి ఒక పాలు పెరుగును. స్త్రీలను ఈ పనినుండి విడిపించు దారి పనిని చంపుట కాదు, పంచుట.

మూడవ అడ్డంకి డబ్బు. ఇంటిలో కుట్టుకొన్నచో చౌక అని చెప్పువారు ఉన్నారు. ఎల్లప్పుడును అది నిజముకాదు. మంచి నూలుబట్ట, దారము, గుండీలు, లైనింగు కొని, క్రొత్తగా నేర్చిన చేతితో రెండుమూడు సాయంత్రములు కుట్టిన చొక్కా అంగడి చొక్కాకంటె ఖరీదుగానే తేలవచ్చును. కనుక పొదుపు పేరుతో ఈ చదువును అమ్మజూచుట పొరపాటు. పొదుపు బాగుచేతలో ఉన్నది. క్రొత్త కుట్టులో ఉన్న లాభము వేరు. అంగడివాడు చిన్నది, నడిమిది, పెద్దది అని మూడు నాలుగు కొలతలలో లోకమునంతటిని ఇమిడ్చెను. భుజమొకటి పల్లముగా నున్నవారు, పొట్టి చేతులవారు, వెన్నువంగిన వృద్ధులు, పాలిచ్చు తల్లులు ఆ కొలతలలో ఇమడరు. బట్ట తమకు సరిపోనప్పుడు తమ శరీరమే తప్పని ఎందరో బాలబాలికలు లోలోపల క్రుంగుచున్నారు. కొలతటేపు పట్టి తన భుజము, తన ఛాతీ, తన చేతిపొడవు తానే కొలుచుకొని కాగితముపై గీచుకొన్న బాలికకు ఒక సంగతి తెలిసిపోవును: శరీరము తప్పుకాదు, కొలత తప్పు. ఈ ఒక్క తెలివికై కొన్ని గజముల బట్ట చెడిపోయినను నష్టములేదు.

ఇంటింట కుట్టుపని వచ్చినచో మేరవారి గతి ఏమని అడుగువారును ఉన్నారు. మేరవారి నోటికూడు తీసినది ఇంటిసూది కాదు. రెడీమేడు బట్టల దుకాణము. పాట నాలుగునాళ్లు నేర్చినవాడు గాయకునికి పోటీకాడు. మంచి శ్రోత యగును. అట్లే కాజా కుట్టుట ఎంత ఓపికపనియో ఎరిగినవాడు దర్జీతో పది రూపాయలకు పేచీపెట్టడు. మంచి పని ఏదో, పైపూత ఏదో గుర్తించును. చేతిపనికి చేతిపని తెలిసినవాడే నమ్మకమైన కొనుగోలుదారు.

ఇక అలంకారము. కుట్టుట అవసరమే కావచ్చును, పూలు, లతలు, అద్దములు ఎందులకని అడుగుట సహజము. అలంకారము పుట్టుకను గమనించినచో జవాబు దొరకును. చాలచోట్ల అది బలమునకై పుట్టినది. బొంతపై వరుసలుగా సాగు కుట్లు పాతచీరల పొరలను పట్టియుంచుటకు వేసినవి. బెంగాలు కాంథాలో అవే కుట్లు ఏనుగులు, తామరలు, రథములు అయినవి. జపానులో రైతులు చిరుగుబట్టలను గట్టిపరచుటకు వేసిన సాషికో కుట్టు నేడు ప్రపంచమంతట అందమునకు పేరు. మెడ, చేతి అంచు, పాదము అంచు అరుగుదల ఎక్కువగా ఉండు తావులు. కుట్టుపని గుబురుగా కనబడునదియు అక్కడనే. అక్కరలో మొలిచిన అందము గనుక అది బట్టమీద అంటించినట్లుండదు.

లంబాడీ స్త్రీల దుస్తులు ఇందుకు నిదర్శనము. ఆంధ్రప్రదేశములోను, తెలంగాణలోను, కర్ణాటకలోను తండాలలో పెద్దవారు తొడుగు గాగరా, రవిక, తలపై ముసుగు రంగుగుడ్డల అతుకులతో, గవ్వలతో, నాణెములతో, అద్దములతో నిండియుండును. అద్దమునకు రంధ్రముండదు, దానిని బట్టకు నిలుపుట ఎట్లు? ముందు దారమును అద్దముపై అడ్డముగ, నిలువుగ లాగి చట్రమువలె బిగింతురు. పిమ్మట ఆ చట్రమును పట్టుకొని చుట్టును కాజాకుట్టువంటి కుట్టు వేయుదురు. అంచు బిగిసికొలది దారము వెనుకకు లాగబడి అద్దము గుండ్రని గూటిలో కూర్చుండును. జిగురు లేదు, మేకు లేదు. కేవలము దారపు బిగువు. అంగడిలో జిగురుతో అంటించిన తళుకులు నాలుగు ఉతుకులకు రాలును. ఈ అద్దము బట్ట చిరుగువరకు ఊడదు. తమ దుస్తులను తామే కుట్టుకొన్న ఆ స్త్రీలలో పాఠశాల మెట్టెక్కనివారు అనేకులు. ఈ విద్య వారి మనుమరాండ్రకు అందక పోవుచున్నది. తండా పిల్లలు పాఠశాలకు వచ్చుట మేలే. అవ్వ చేతిలోని విద్యను గుమ్మము బయట విడిచి రావలసివచ్చుట మేలుకాదు.

నేటి పెండ్లిండ్లలో రవికపై పని చీర వెలను మించుచున్నది. ఆ రవికలో వధువు చేతి కుట్టు ఒక్కటియు ఉండదు. ఒకటి రెండు మారులు తొడిగి దాచుదురు. దానిని కుట్టిన పనివానికి కూలి దొరకినచో తప్పుపట్టనక్కరలేదు. కాని అందమనగా బరువు, వెల అని పిల్లలు నేర్చుకొనుట విచారకరము. సాదా నూలుచొక్కా మెడచుట్టు తన చేతితో వేసికొన్న రెండు వరుసల కాడకుట్టు, కొంచెము వంకరగా ఉన్నను, వేసినవాని కంటికి చదువు నేర్పును. ఎక్కడ ఆపవలెనో, ఏ రంగుప్రక్కన ఏ రంగు నిలుచునో, ఖాళీ ఎంత విడువవలెనో చేయి చేయుచుండగా తెలియవలసినదే. ఔచిత్యమును గూర్చి అలంకారశాస్త్రము చెప్పుమాటలు తెలుగు పండితుని నోట విన్న పిల్లలకు ఆ మాటలు సూదిమొనవద్ద అర్థమగును.

ఈ పనిలో పాఠశాల విషయములు ఎన్ని దాగియున్నవో ఉపాధ్యాయులు గమనింపవలెను. గుండ్రని పరికిణీ కత్తిరించుట వృత్తపరిధి పాఠమే. నడుము చుట్టుకొలత 22 అంగుళములైనచో, పై విలువను 22/7గా తీసికొనగా, నడుమ కత్తిరింపవలసిన వృత్తపు వ్యాసార్థము సరిగా మూడున్నర అంగుళములు. కాని అక్కడనే ఒక చిక్కు. మూడున్నరవద్ద కత్తిరించి, అర అంగుళము లోపలికి కుట్టినచో వ్యాసార్థము నాలుగంగుళములై నడుము ఇరువదియైదు అంగుళములకు పైబడును. అర అంగుళపు ఏమరుపాటు నడుమువద్ద మూడు అంగుళముల వదులుగా తేలును. కనుక కుట్టుకు విడుచు అర అంగుళమును ముందే తీసివేసి మూడంగుళములవద్ద కత్తిరింపవలెను. ఈ లెక్క తప్పిన విద్యార్థికి ఎఱ్ఱసిరాతో కొట్టివేత అక్కరలేదు. పరికిణీయే జారి తప్పు చెప్పును.

బట్టను పడుగువెంట లాగినచో సాగదు, పేకవెంట కొంచెము సాగును, మూలగా లాగినచో బాగుగా సాగును. నలుపలకల చట్రము మూలబద్ద లేనప్పుడు ప్రక్కకు వాలుటయు ఇదే సూత్రము. అందుచేతనే మెడ గుండ్రమునకు వేయు పట్టీని బట్టనుండి మూలగా కత్తిరింతురు. అది వంపువెంట ముడుతపడక తిరుగును. క్రొత్త నూలుబట్టను కత్తిరించుటకు ముందు నానబెట్టి ఆరవేయుట ఎందులకో విజ్ఞానశాస్త్రపు తరగతిలో చెప్పవచ్చును. భాషకును ఇందులో పని ఉన్నది. మాసిక, అతుకు, కాజా, గుండీ, కుచ్చు, మడత, పడుగు, పేక అను మాటలు పని పోయినప్పుడు నోటినుండియు పోవును. నిఘంటువులో మిగిలిన మాటకంటె చేతిలో మిగిలిన మాట బ్రతికినది.

ఇది క్రొత్త ఆలోచన కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసదస్సు చేతిపనిని చదువునకు కేంద్రముగా నిలుపవలెనని కోరెను. 1964-66 నాటి కొఠారీ సంఘము పని అనుభవమును పాఠ్యప్రణాళికలో చేర్పుమనెను. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘము సమాజమునకు ఉపయోగపడు ఉత్పాదక శ్రమకు చోటిమ్మనెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు పిల్లలు పది దినములు సంచీలేకుండ స్థానిక పనివారియొద్ద పని నేర్వవలెనని చెప్పినది. సంకల్పములకు లోటులేదు. అవి తరగతిగదికి చేరుసరికి అనేకమారులు మార్కులపట్టికలో ఒక గడిగా మారినవి. ఆ గడి నింపుటకు పరీక్షముందు రాత్రి పెద్దలు చేసియిచ్చిన వస్తువో, దుకాణములో కొన్న వస్తువో చాలినది.

ఉపాధ్యాయులు తలచుకొన్నచో దీనికి పెద్ద ఖర్చుగాని, ప్రత్యేకమైన భవనముగాని అక్కరలేదు. వారమున కొక గంట చాలును. ఆరవ తరగతిలో గుండీ, కాజా, మాసిక. ఏడవ తరగతిలో గుడ్డసంచి. ఎనిమిదవ తరగతిలో కాలరు లేని సాదా చొక్కా, దానిపై అరచేయి వెడల్పున తమకు నచ్చిన కుట్టుపని. సూదులు లెక్కించి ఇచ్చి, లెక్కించి తీసికొనవలెను. ఊరిలోని మేరను, తండాలోని అవ్వను తరగతికి పిలువవలెను. వచ్చినవారికి కుర్చీ వేయవలెను, తగిన పారితోషికము ఇయ్యవలెను. ఊరకే పిలిచి ఊరకే పంపినచో నరసాపురపు తప్పే మరల జరిగినట్లగును. బాలురను, బాలికలను ఒకేచోట కూర్చుండబెట్టవలెను. మార్కులు వేయరాదు, తప్పుగా కుట్టినదానిని విప్పి మరల కుట్టుటకు వ్యవధి ఇయ్యవలెను. విప్పుటకు సిగ్గుపడకుండుట ఈ విద్యలో మొదటి పాఠము. అది మిగిలిన విద్యలకును పనికివచ్చును.

ప్రతి ఇల్లును తన బట్టలన్నిటిని తానే కుట్టుకొనవలెనని ఎవరును కోరనక్కరలేదు. అది జరుగునదియు కాదు. కోరదగినది చిన్నది. పాఠశాల విడిచిపోవు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఒక చినుగును చూచినప్పుడు దానిని పారవేయుటకు ముందు బాగుచేయవచ్చునని తలపగలుగవలెను. తలచినదానిని చేయు నేర్పు చేతిలో ఉండవలెను. ఆ నేర్పునకు వలయునది ఒక సూది, మూరెడు దారము, నేర్పుటకు ఇష్టపడు ఒక ఉపాధ్యాయుడు. మొదటి రెండును ప్రతి ఊరి అంగడిలోను దొరకును.